శారద రిపో, నా రిపో

శుక్రవారం రాత్రి, పటమట

పామర్రులో శారద పొలం పనుల మాటలు పోగుచేసి కంప్యూటర్లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే గిట్‌లో, రిపో అనే తన అరలో పెడుతుంది. వాటిని చూపించే యాప్ నా రిపోలో ఉంది. అక్కడ మాట మారితే ఇక్కడా మారాలి. రిటైరైన ఇద్దరు లెక్చరర్లకి ఇంతకన్నా గౌరవమైన వ్యసనం దొరకలేదు.

ఇన్నాళ్లూ ఆ మార్పుల్ని నేనే తెచ్చుకునేదాన్ని. గిట్‌లో ప్రతి మార్పుకీ కింద ఏం మార్చామో ఒక వాక్యం రాయాలి, అది ఇద్దరికీ కనిపిస్తుంది కదా, మా కబుర్లన్నీ అక్కడే. చెవులు వినపడక శారద ఫోను ఎప్పుడో మానేసింది. "ఏమే, కుప్పకీ వామికీ తేడా తెలియనిదానివి, నువ్వు యాప్ చేశావా?" అని అది రాస్తే, "మోకాళ్ల నొప్పి తగ్గిందా, నోటికి పాకిందా?" అని నేను రాసేదాన్ని.

పోయిన నెల మనవరాలు మైత్రి నా మీద జాలిపడి, రెండు రిపోలూ వాటంతట అవే సింక్ అయ్యేట్టు పెట్టింది. అప్పట్నుంచీ మాటలన్నీ వేళకి వస్తున్నాయి. కింద మాత్రం "సింక్ పూర్తయింది" అని మిషను రాస్తోంది. మిషనుతో శారద మాత్రం ఏం మాట్లాడుతుంది? తనూ "మార్చాను" అని ఊరుకుంటోంది.

ఇవాళ మైత్రిని ఆ సింక్ తీసేయమన్నాను.

"ఎందుకు అమ్మమ్మా? ఒక్క తప్పూ రాలేదుగా!"

"అదేనే నా బాధ."

నన్ను ఎగాదిగా చూసి తీసేసింది.

శారద కొత్త మాటల్ని నేనే తెచ్చుకుని కింద రాశాను: "మాటలు చేరాయి. నువ్వెలా ఉన్నావే?"

ఈపాటికి పడుకునే ఉంటుంది. పొద్దున లేచి, ఇంత మర్యాద ఎప్పుడు నేర్చావని ఒక్క తిట్టు తిడితే బాగుండు...