అరగని ముందు చక్రం

ఫిబ్రవరి 11, రాత్రి

అమ్మకు,

ఈ రోజు పొద్దున్నే ఒక వింత. పంపుహౌసులో పనికి బయల్దేరిన నాన్న, నేనింకా పళ్ళు తోముకుంటుండగానే సైకిలును ఎడమ భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. వెనక చక్రం రిమ్ము అంచు పెదవి చిట్లినట్టు చిట్లి, అందులోంచి ట్యూబు బయటికి తొంగి చూస్తోంది. వీధి చివర, ఏటవాలు ఇంకా మొదలవకముందే పగిలిందట. సైకిలును గోడకానించి, ఏమీ జరగనట్టు బస్సు చిల్లర కోసం జేబులు వెతుక్కున్నాడు. మన కొండ రోడ్డు నీకు తెలుసు కదా. పంపుహౌసు దాకా తొక్కాల్సిన పనే లేదు, బ్రేకులు పట్టుకుని కూర్చుంటే చాలు.

నీకు నమస్కారం పెట్టకుండా వార్తలోకి దిగిపోయాను. ఇప్పుడు పెడుతున్నాను. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఈ క్షేమం అన్న మాట రాసి కాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. ఈ మధ్య ఏ మాట కనబడినా ఇలా పట్టుకుని చూడటం అలవాటైంది. అక్కడ నీ శిక్షణ బాగా సాగుతోందని, ఆపరేషన్ థియేటర్లో గంటలకొద్దీ నిలబడి కాళ్ళు వాయడం లేదని అనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగావు. మొదటిది, పరీక్షలకు చదువుతున్నానా, లేక నిఘంటువు ముందేసుకుని కూర్చుంటున్నానా అని. రెండూ చేస్తున్నాను. చక్రంలోని పుల్లలకు ‘ఆకులు’ అనే పాత పేరు ఉందని నీకు తెలుసా? అవన్నీ వచ్చి గుచ్చుకునే మధ్య భాగాన్ని ‘కుండ’ అంటారట. సైకిలు షాపులో ఈ సంగతి చెబితే, షాపు నడిపే రిమ్ముల పిన్ని, “ఆకులూ కుండలూ ఏంటే, చక్రం కొనడానికొచ్చావా, వంట చేయడానికొచ్చావా?” అంది. ఆవిడను వీధంతా ఆ పేరుతోనే పిలుస్తుంది, ఆవిడా పలుకుతుంది.

రెండోది చక్రం సంగతి. ‘మెరుపులు చూసి మోసపోకండి, చవకగా ఉండాలి, పది కాలాలు నిలవాలి’ అని రాశావు. వెనక చక్రం శబ్దం బాగోలేదని పోయిన ఉత్తరంలో రాశాను కదా, అప్పటి నుంచే నేను ముందే షాపు చుట్టూ తిరిగి అన్నీ చూసిపెట్టాను. ఈ రోజు కాలేజీ అవగానే సైకిలును నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. నాకు బాగా నచ్చింది నల్లగా, లోతుగా, తక్కువ పుల్లలతో ఉన్న ఒక చక్రం. చూస్తుంటేనే పరిగెడుతున్నట్టుంటుంది.

“రేసు కోసమా, రోజు కోసమా?” అంది పిన్ని.

“రోజు కోసమే. నాన్నకి.”

“అయితే దాన్ని అక్కడ పెట్టెయ్. ఉన్నవే నాలుగు పుల్లలు. ఒకటి విరిగిందంటే చక్రం మొత్తం వంకర తిరుగుతుంది, ఆ పుల్ల మళ్ళీ ఎక్కడా దొరకదు. పాత చక్రం ఉంది, సగం ధరకి ఇస్తా. కానీ ఎవరు ఎలా తొక్కారో నాకే తెలీదు, మీ నాన్న కింద వెయ్యను.”

చివరికి ఒక బూడిద రంగు రిమ్ము తీసుకున్నాం. అందం అంతంతమాత్రం. ముప్ఫై రెండు పుల్లలు, ఒకటి పోయినా ఇంటిదాకా చేరుస్తుందట. ఆ పుల్లలు ఏ షాపులోనైనా దొరుకుతాయి. కుండలో బేరింగులు అరిగితే అవి మాత్రమే మార్చుకోవచ్చు, గొలుసు తగులుకునే పాత పళ్ళ చక్రాలు దీనికే సరిపోతాయి. అంచు కూడా మందం, బ్రేకు రబ్బరు ఎంత రుద్దినా అంత తొందరగా అరగదు. నువ్వుంటే నువ్వూ దీన్నే ఎంచేదానివి.

కానీ అమ్మా, నువ్వు ఇంకో ముక్క కూడా అడిగావు. ‘పోయినేడే కదా ముందుదీ వెనకదీ రెండూ కొత్తవి వేయించాం, వెనకది అప్పుడే ఎలా పాడైంది?’ అని. నేను అదే పిన్నిని అడిగాను. ఆవిడ నా వేలు పట్టుకుని వెనక రిమ్ము అంచు మీద పెట్టింది. గరిటె లోపలిలా గుంట పడి ఉంది. తర్వాత అదే వేలిని ముందు రిమ్ము మీద పెట్టింది. అద్దంలా చదును. అరుగుదల తెలియడానికి కంపెనీవాళ్ళు చెక్కే చిన్న చుక్క కూడా చెక్కు చెదరలేదు.

“రెండూ ఒకే రోజు నేనే బిగించా. మీ నాన్నకి ముందు బ్రేకు మీద అలకా ఏంటే?” అని నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ముందు బ్రేకు నొక్కి చూశాను. హాయిగా పడింది.

“బ్రేకు బంగారంలా ఉంది. అడిగితే మనిషినే అడగాలి,” అని, పానా వెతుక్కుంటూ ఇంకో మాట అంది. “వారం కింద వచ్చి వెనక బ్రేకు కూడా కాస్త తేలిగ్గా పడేట్టు చెయ్యమన్నాడు. అప్పటికే వెన్నలా ఉంది. ఇంకెంత తేలికవుతుంది?”

అప్పుడు నేను నవ్వలేదు. ముందు బ్రేకు కుడి చేతిది. వెనక బ్రేకు ఎడమ చేతిది.

ఇక నీ మూడో ప్రశ్న. ‘నీ ఉత్తరం చివర మీ నాన్న ఎప్పుడూ రెండు వరుసలు రాసేవాడు, ఈ మధ్య రాయడం లేదు, అలిగాడా?’ అని. అలగలేదమ్మా. నేనూ బద్ధకమనే అనుకున్నాను. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అంతసేపు ఎందుకని వేళాకోళం చేశాను. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుంటుంటే, “దానికీ పని నేర్పుతున్నా, ఇన్నాళ్ళూ కూర్చుని తింది,” అన్నాడు. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. తాళం రెండు చేతులా తీయడం చూసి కూడా తాళం తుప్పు పట్టిందనుకుని నూనె వేశాను.

సాయంత్రం నాన్న రాగానే అడగలేదు. పాత హేండిలు ఒకటి పిన్ని దగ్గర్నుంచి తెచ్చాను, బ్రేకు పిడితో సహా. దాన్ని ఒళ్ళో పెట్టి, “కుడి చేత్తో ఒకసారి నొక్కు నాన్నా,” అన్నాను.

“చిన్నపిల్లల ఆటలా ఇవి?”

“ఆటే అనుకో. నొక్కు.”

వేళ్ళు పిడి చుట్టూ పడుకున్నాయి. పిడి కదల్లేదు. నాన్న మొహంలో నొప్పి ఏమీ లేదు. నొప్పి ఉంటే బాగుండేదనిపించింది. బొటనవేలి కింద ఉండే కండ లోపలికి పోయి ఉందమ్మా. ఎప్పటి నుంచో తెలీదు. రోజూ ఆ చేత్తోనే కదా నా తల నిమిరేది, నేనే చూసుకోలేదు.

హేండిలును పక్కన పెట్టి అన్నాడు, “మీ అమ్మకి ఒక్క ముక్క చెప్పావంటే దీనికి ఏదో పేరు పెట్టేస్తుంది. పేరు పెట్టేదాకా ఇది రోగం కాదు. ముందు తన శిక్షణ అవనీ. మధ్యలో వదిలేసి వస్తే మళ్ళీ ఆ అవకాశం ఇవ్వరు.”

“కొండ దిగేటప్పుడు ఎదురుగా లారీ వస్తే?”

“గట్టి చక్రమే కొన్నావుగా. ఇంకెందుకు భయం?”

చక్రం గట్టిదే. అదే నా భయం. పది కాలాలు నిలిచే చక్రాన్ని నేనే ఏరి కోరి కొన్నాను. అది ఎప్పటికీ పగలదు, నాన్నను ఎప్పటికీ వీధి చివర ఆపదు. ఈ రోజు పొద్దున పగిలిన పాతదే ఆయన్ని వెనక్కి పంపింది.

ఎవరికీ చెప్పనని ఒట్టు వేయమన్నాడు. వేయలేదు. అన్నం వడ్డించడానికి లేచిపోయాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోను స్పీకర్లో పెట్టుకుని ఆయన పక్కనే కూర్చుంటాడు, నీకు తెలుసు. చివర వరుసలు రాయడం మానేశాక, ఉత్తరం ఒక్కటే ఆయన చదవకుండా వదిలేసేది. ఇదంతా చదవగానే నీ నోట్లోకి ఒక పేరు వచ్చే ఉంటుంది. ఇన్నాళ్ళుగా కనబడ్డ ప్రతి వస్తువుకూ సరైన మాట వెతుకుతున్నదాన్ని, దీని మాట వెతకడానికి మాత్రం నిఘంటువు తెరవలేదు. నువ్వు అనుకుంటున్నది ఎంత చెడ్డదైనా నాకు రాయి. నాకు చెప్పకుండా నాన్నకు మాత్రం చెప్పకు, ఆయన దాన్ని నవ్వుతాలుగా మార్చేస్తాడు. వచ్చేయాలో వద్దో నువ్వే తేల్చుకో. నేను రమ్మనడం లేదు, ఉండమనడం లేదు.

కొత్త చక్రం బిగించిన సైకిలు షాపులోనే ఉంది. నేనొచ్చి అడిగేదాకా నాన్న వచ్చినా ఇవ్వొద్దని పిన్నికి చెప్పాను. ఆవిడ ఎందుకని అడగలేదు, సైకిలును షట్టరు లోపలికి నెట్టేసింది. రేపు పొద్దున సైకిలు ఇంకా సిద్ధం కాలేదని చెప్పి ఆయనతో పాటు బయల్దేరతాను. నడుచుకుంటూనే కొండ దిగుతాం. రోడ్డు రెండుగా చీలే చోట పంపుహౌసు వైపు కాకుండా ఆసుపత్రి వైపు తిప్పుతాను. చొక్కా బొత్తాలు నేను పెడతానంటే ఒప్పుకుంటాడో లేదో తెలీదు. దారి పొడవునా ఆయనకు కుడి పక్కనే నడుస్తాను.

ఇట్లు,
ఒట్టు వేయని నీ కూతురు