అమ్మ చెప్పిన నిమ్మకాయ

చిన్నూ,

నీ విమానం రన్‌వే మీద దిగాక కూడా పక్కకి దూసుకెళ్లి ఎందుకు బోల్తా పడిందో ఇన్నాళ్లకు తేల్చారు. రిపోర్టు నిన్న వచ్చింది. గాలి మామూలుగానే ఉందట, ఇంజిన్ బాగానే ఉందట. నేల మీద విమానాన్ని తిప్పే కుడికాలి పెడల్ వెనక నలిగిన నిమ్మకాయ ఒకటి దొరికిందట. అది అడ్డుపడి పెడల్ కదల్లేదు.

నాకు ఒళ్లు మండిపోయింది రా, నీ మీదే. మొదటిసారి పక్కన ఇన్‌స్ట్రక్టర్ లేకుండా సోలోగా ఎగరబోతున్నానని చెబితే, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించమంది అమ్మ. "రన్‌వే మీద చిన్న రాయి కూడా ఒప్పుకోరమ్మా" అని నవ్వేశావు. మరి ఆమె మనసు కోసం ఒకటి జేబులో వేసుకుని ఎక్కావా? ఆ జేబుకి జిప్ వేసుకుని ఏడవొచ్చుగా!

ఈరోజు నీ సంవత్సరీకం. అద్దె బేస్‌మెంట్‌లో నీతో కలిసి ఉన్న స్టూడెంట్స్ అందరూ మిస్సిసాగాలో మా ఇంటికి భోజనానికి వచ్చారు.

"రిపోర్టులో ఏం రాశారే?" అని అమ్మ పొద్దున్నుంచీ ప్రాణం తీస్తోంది.

"కారణం తేలలేదట" అన్నాను.

"నాకు తెలుసు" అంది. వాళ్లంతా వెళ్లేటప్పుడు, కొత్తగా కారు కొన్న నీ ఫ్రెండ్ చేతిలో నిమ్మకాయలు పెట్టింది.

"నువ్వైనా తొక్కించు నాన్నా. మావాడు నా మాట వింటేగా!"

"సరే ఆంటీ, డ్రైవ్ చేసేముందు పెడతా" అన్నాడతను.

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. మాట వినలేదని ఏడాదిగా నిన్ను తిడుతూనే ఉంది.

తిట్టనీ రా. విన్నావని మాత్రం నేను చెప్పను.

అక్క