రెండో సాక్షి

హెర్న్‌డన్,
మార్చి 18, 1984.

శ్రీవారికి జయంతి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ మీనా క్షేమంగానే ఉన్నాం. మీరు ప్లేనోలో, కొత్త ఉద్యోగంలో క్షేమమని మీ ఉత్తరంలో కులాసా చూస్తేనే తెలుస్తోంది. క్షేమసమాచారాలు అయిపోయాయి కాబట్టి అసలు సంగతి రాసేస్తున్నాను. నాకు కోపంగా ఉంది. మీరు అలక అని పేరు పెట్టి నవ్వేసేది కాదు. వారం రోజులుగా వంట చేస్తున్నా, కారు నడుపుతున్నా, మీనాకి జడ వేస్తున్నా తగ్గని కోపం. చదువుతూ మధ్యలో నవ్వుకుంటారేమోనని ముందే చెబుతున్నాను.

ముందు మీ ప్రశ్నలకి జవాబులు. కారు బ్యాటరీ మార్పించాను, మీరు చెప్పిన షాపులో కాదు, ఉషా వాళ్ళాయన చెప్పిన చోట. మంచు మొత్తం కరిగింది. అయినా డ్రైవ్‌వే మీద నేను పడ్డ చోటికి వచ్చేసరికి మణికట్టు దానంతటదే జివ్వుమంటుంది. మీ చలికోట్లు పార్సెల్ చేశాను. ఇక శ్యామ్‌సుందర్ గారింట్లో పార్టీలో చూపించడానికి జంతికల గన్ పంపమన్నారు. పంపను.

ఫోన్ ఎందుకు పెట్టేశావని రెండుసార్లు అడిగారు. నిజంగా తెలియకే అడిగారా? పోయిన ఆదివారం ఏం మాట్లాడుకున్నామో మీకు గుర్తుండదు, నాకు పొల్లు పోకుండా గుర్తుంది. "గన్ పేటెంట్ గురించి లాయర్ కవర్ వచ్చిందండీ, ఓపెన్ చేశాను. ఇన్వెంటర్ అన్నచోట మీ పేరొక్కటే ఉందేమిటి?" అని అడిగాను.

మీరు నవ్వారు. "నీ పేరైతేనేం, నా పేరైతేనేం జయా, ఇంట్లో వస్తువేగా. మెకానికల్ ఇంజనీర్ పేరుంటే అప్లికేషన్ సీరియస్‌గా కనిపిస్తుంది" అన్నారు.

"చేసింది నేను కదా" అన్నాను.

"నువ్వు జంతికలు చేశావ్. డిజైన్ చేసింది నేను. ఎవరి పని వాళ్ళది. సర్లే గానీ, పప్పుగుత్తి ఏ బాక్స్‌లో ప్యాక్ చేశావ్? ఇక్కడ కనపడట్లేదు" అన్నారు.

అప్పుడు పెట్టేశాను. మళ్ళీ ఫోన్ చేస్తే మీరు మళ్ళీ మాట మారుస్తారు, అందుకని ఉత్తరం రాస్తున్నాను. దీనికి అడ్డం రావడం కుదరదు.

ఎవరి పని వాళ్ళదన్నారు కాబట్టి ఎవరి పని ఏదో రాస్తాను. నిరుడు జనవరిలో మంచు మీద జారి కుడి మణికట్టు విరిగింది. రెండు స్క్రూలు వేశారు. ఇక ఈ చేతికి మునుపటి బలం రాదని డాక్టర్ చెప్పినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. అక్టోబర్‌లో అసోసియేషన్ వాళ్ళు దీపావళికి అరవై కుటుంబాలకి జంతికలు చేసివ్వమంటే, మీరే నా తరఫున సరేనన్నారు. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి గొట్టాన్ని రెండు చేతులా నొక్కాలి. మొదటి చుట్టుకే కళ్ళ వెంబడి నీళ్ళొచ్చాయి. ఆ శనివారం మీరు రాజ్ గారింట్లో ఫుట్‌బాల్ చూస్తున్నారు.

నేను స్టవ్ ఆపేసి గ్యారేజ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా, బాత్‌టబ్ అంచుల్లో సందులు పూడ్చడానికి మీరు తెచ్చిన గన్ ఉంది. మీట నొక్కితే వెనకున్న కడ్డీ కొంచెం కొంచెం ముందుకి జరిగి, గొట్టంలో మందుని బయటికి తోస్తుంది. ఒక్క చెయ్యి చాలు, అదీ ఎడమ చెయ్యి చాలు. నేనూ మీనా వెళ్ళి అలాంటిదే కొత్తది కొనుక్కొచ్చాం. ఇత్తడి గొట్టం అందులో పట్టకపోతే రెండు రోజులు ఆకురాయితో అరగదీశాను. మొదటిసారి పిండి వెనక్కి వచ్చి నా చీరంతా అయింది. రెండోసారి లోపలి బిళ్ళ వంగిపోయింది. కొబ్బరి చిప్ప అరగదీసి బిళ్ళ చేశాను, అది పగిలింది. చివరికి పాత గరిటె తల కోసి సాపు చేస్తే నిలిచింది. మూడు వారాలు పట్టింది. నా బొటనవేలి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఒక్క రోజైనా ఏమిటీ చప్పుడని మీరు గ్యారేజ్‌లోకి తొంగి చూడలేదు.

అన్నీ అయ్యాక మీరొచ్చారు. వేడివేడిగా నాలుగు తిని, ఇంకో నాలుగు పెట్టించుకుని, గన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, పెన్సిల్ తెచ్చుకుని బొమ్మ గీశారు. బొమ్మ బాగుంది. మీ గీత ఎప్పుడూ బాగుంటుంది, దాన్ని నేను కాదనను. "పేటెంట్‌కి అప్లై చేద్దాం జయా. రోజూ అందరి నంబర్లూ సర్దుతావు కదా, మనదీ ఒకటి ఉండనీ" అన్నారు. నేను పిచ్చిదానిలా మురిసిపోయాను.

ఎందుకు మురిసిపోయానో మీకు తెలియదు. నా ఉద్యోగమంటే కాగితాలు సర్దడమని మీరు నలుగురిలో చెబుతుంటారు. సర్దడమే, కాదనను. మా పేటెంట్ ఆఫీస్ సెర్చ్ రూమ్‌కి వచ్చినవాళ్ళు పేటెంట్ల కట్టలు విప్పి చూసుకుని బల్లల మీద వదిలేస్తే, ఏ కాగితాన్ని ఆ గూట్లో తిరిగి పెట్టడం నా పని. ఆరేళ్ళుగా ఆ కాగితాలు ఎన్ని చదివానో మీరెప్పుడూ అడగలేదు. బంగాళాదుంపల తొక్క తీసే చక్రం, 1903. తడిబట్టలు పిండే రోలర్లు, 1908. ఈగల్ని పట్టే సీసా. పాలు పొంగబోతుంటే గంట కొట్టే మూత. మిల్లులో దారం తెగగానే మగ్గాన్ని ఆపే కొక్కెం. ప్రతిదానికీ ముచ్చటైన బొమ్మ, నంబరు, ఒక పేరు, ఒక ఊరు. వాళ్ళని వాళ్ళ మునిమనవలు కూడా ఎరగరు. అయినా పాల మూత చేసినావిడ పేరు ఆ గూట్లో పదిలంగా ఉంది. లంచ్ అవర్‌లో ఇవి చదువుకుంటూ, ఎప్పటికైనా నా పేరూ ఇక్కడ ఉంటే ఎంత బాగుంటుందో అనుకునేదాన్ని. మీ లాయర్ కాగితంలో, దీన్ని మొట్టమొదట కనిపెట్టింది మీరేనని ప్రమాణం చేస్తూ మీరు పెట్టిన సంతకాన్ని వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చదివాను.

కవర్ విప్పినప్పుడు మీనా పక్కనే ఉంది. "డాడీ నేమ్ ఎందుకుంది మమ్మీ? డాడీ ఇంట్లో లేడు కదా. నేను కదా ట్యూబ్ పట్టుకుంది" అంది. తొమ్మిదేళ్ళ పిల్ల అడిగిన ప్రశ్న అది. మీ దగ్గర జవాబుంటే దానికి మీరే చెప్పండి.

ఇక మీ ఆఖరి ప్రశ్న. "నువ్వక్కడే ఉంటావుగా, ఇలాంటిది పాతదేమైనా ఉందేమో ఓసారి చూసిపెట్టు" అని రాశారు. చూశాను. మీరడగక ముందే, డిసెంబర్‌లో మీరు ప్లేనో వెళ్ళిన వారానికే చూశాను. ఉంది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ మీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. 1911 నాటిది. ఒహాయోలో ఏదో చిన్న ఊరు, ఎడ్నా హాలోవెల్ అనే ఆవిడ. బిస్కెట్ల పిండి నొక్కే గొట్టం, దాని వెనక పళ్ళున్న కడ్డీ, ఒంటి చేత్తో లాగే మీట. మీట లాగిన ప్రతిసారీ కడ్డీ ఒక పన్ను ముందుకి జరుగుతుంది. బొమ్మ చూడగానే పోల్చుకున్నాను. ఎటు తిప్పి చూసినా అది నా గన్నే. ఒకరికి పేటెంట్ ఇచ్చినదానికి మళ్ళీ ఇంకొకరికి ఇవ్వరు.

అప్పుడు నేను చేసిన పని ఇది. ఆ కాగితాన్ని పిండి సాధనాల కట్టలోంచి తీసి, బట్టలు పిండే యంత్రాల కట్ట మధ్యలో దూర్చాను. తప్పు గూట్లో పడ్డ కాగితం లేనట్టేనని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. రెండు వారాల తర్వాత మీ లాయర్ పంపిన మనిషి వచ్చి పిండి సాధనాల కట్ట అడిగాడు. నేనే తెచ్చి అతని ముందు పెట్టాను. గంటన్నర తిరగేసి, ఏమీ లేదని రాసుకుని, నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. మీ అప్లికేషన్ ఇంత సులువుగా ముందుకి వెళ్ళింది అందుకే.

మీకోసం చేశాననుకుంటారేమో. కాదు. నా పేరు కోసం చేశాను. నా పేరు ఆ గూట్లోకి ఎక్కాలని, డెబ్బై ఏళ్ళుగా అక్కడున్న ఇంకో ఆడమనిషి పేరుని తీసి పక్కన పడేశాను. మీరు నా పేరు తీసేశారని తెలిసిన రోజున మీ మీద ఒళ్ళు మండింది. మర్నాడు ఆఫీస్‌లో ఆ గూళ్ళ మధ్య నిలబడేసరికి నా మీద నాకే అంతకంటే మండింది. మీరు నవ్వుతూ చేశారు, నేను వణుకుతూ చేశాను. వణికానని ఆవిడకి ఒరిగేదేమీ లేదు.

ఆ సోమవారం కాగితాన్ని బయటికి తీసి మొదటిసారి పూర్తిగా చదివాను. డిసెంబర్‌లో బొమ్మ చూసి ఆపేశాను, చదివే ధైర్యం లేకపోయింది. "ఎడ్నా హాలోవెల్ అను నేను ఒక కొత్త సాధనమును కనిపెట్టితినని అందరికీ తెలియుగాక" అని మొదలవుతుంది. ఆ రోజుల్లో అన్నీ అలాగే మొదలయ్యేవి. మధ్యలో ఒకచోట, ఒక చెయ్యి సరిగా పనిచేయని వారికి కూడా ఇది వీలుగా ఉంటుందని రాసుకుంది. ఆవిడ చేతికి ఏమైందో రాయలేదు. అక్కడిదాకా వచ్చి ఆగిపోయాను. ఆఫీస్‌లో, అందరూ చూస్తుండగా ఏడ్చాను.

అప్పటి పద్ధతి ప్రకారం చివర్లో ఇద్దరు సాక్షుల పేర్లుంటాయి. మొదటివాడెవరో నాకు తెలియదు. రెండో సాక్షి వాల్టర్ హాలోవెల్. ఆవిడకి మామగారో, అన్నగారో కావచ్చు. నేను మాత్రం మొగుడే అనుకుంటున్నాను, అలా అనుకోవాలని ఉంది. ఈ దేశంలో ఆడవాళ్ళందరికీ ఓటు కూడా రాని రోజుల్లో, ఆ ఇంటి మగమనిషి కలం పట్టుకుని ఆవిడ పేరు కింద సాక్షిగా తన పేరు రాశాడు. వస్తువు తనదనలేదు. ఇంట్లో వస్తువేగా, ఎవరి పేరైతేనేం అని కూడా అనలేదు. ఎం.ఎస్. చదివిన మా ఆయనకి ఆ పాటి మర్యాద ఎందుకు తోచలేదో వారం రోజులుగా ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు రాసేవన్నీ అయిపోయిన పనులు. మీ సలహా కోసం రాయడం లేదు. ఎడ్నా కాగితాన్ని ఆవిడ గూట్లో పెట్టేశాను. మా సూపర్‌వైజర్‌కి నా తప్పు నేనే చెప్పాను. ఆవిడ రాతపూర్వకంగా ఇవ్వమంది. ఇచ్చాను. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో వచ్చే వారం తేలుతుంది. శుక్రవారం మీ లాయర్‌కి ఎడ్నా పేటెంట్ కాపీ పంపాను. గన్ చేసింది మీరు కాదనీ, నేననీ కూడా రాశాను. అప్లికేషన్ ఇక నిలవదు. మీ పేరు మీదా నిలవదు, నా పేరు మీదా నిలవదు.

మీకు కోపం వస్తుంది, రానివ్వండి. ప్లేనోలో అందరికీ చెప్పేసుకున్నాను, ఇప్పుడు నా పరువేం కాను అంటారు. నన్నొక్క మాట అడక్కుండా ఇంత పని చేస్తావా అని కూడా అంటారు. అనండి. సరిగ్గా ఆ మాటే మీ నోట వినాలని నాకూ ఉంది.

ఈ ఉత్తరంతో పాటు ఒక కాగితం పెట్టాను. ఇది ఏ ఆఫీస్‌కీ వెళ్ళేది కాదు. మన వంటింట్లో, గన్ తగిలించే మేకు పక్కన గోడకి అంటించడానికి. అందులో ఇలా రాశాను: "హెర్న్‌డన్ కాపురస్తురాలు జయంతి అను నేను, 1983 అక్టోబర్‌లో, ఒంటి చేత్తో జంతికలు నొక్కే గన్ తయారు చేశానని అందరికీ తెలియుగాక. నాకంటే ముందే ఎడ్నా హాలోవెల్ చేసింది. ఆ సంగతి తెలియకుండానే నేనూ చేశాను." దాని కింద నా సంతకం ఉంది. ఇంకా కింద సాక్షులకి రెండు గీతలు గీశాను. మొదటి గీత మీద మీనా తన పేరు తెలుగులో రాసింది, వంకర టింకరగా, నాలుక బయట పెట్టుకుని. రెండో గీత ఖాళీగా ఉంది.

మీరు లేరు కాబట్టి చూశానని రాయనక్కర్లేదు. తెలుసునని రాస్తే చాలు. ఉగాదికి వస్తున్నానన్నారు. ఆ కాగితం మీద సంతకం పెట్టి తెస్తేనే రండి. పెట్టలేకపోతే అక్కడే కొత్త పప్పుగుత్తి ఒకటి కొనుక్కోండి, పాతది పంపను.

ఇట్లు,
ఇప్పటికింకా మీ భార్యే అయిన
జయంతి