ఎనభై దాటితే వణుకు

మామయ్యగారికి, మీ అల్లుడు తల వంచుకుని రాస్తున్న ఉత్తరం.

నా అంబులెన్సు ఎనభై దాటితే చాలు, వణికిపోయేది. "ఈ కుదుపులో సూది ఎలా గుచ్చను?" అని నర్సమ్మ నా మీద ఎగిరేది. షెడ్డులో ఇద్దరు మెకానిక్కులు వారం రోజులు తలలు పట్టుకున్నారు. మీరొచ్చి, ఒక్క పనిముట్టూ ముట్టకుండా నా పక్కన కూర్చుని, "వణికేది స్టీరింగా, సీటా?" అని అడిగారు. స్టీరింగన్నాను. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్పించి మళ్లీ తోలించారు. ఈసారి సీటు వణికింది. "దొంగ చక్రంతోపాటే వెనక్కి వెళ్లాడు" అన్నారు. అబ్బ, ఏం బుర్ర మామయ్యా మీది!

రిమ్ము లోపల జిగురు మరక చూసి, బ్యాలెన్సు కోసం అతికించిన సీసం ముక్క లేదని తేల్చారు. ఎలా పోయిందని ఆఫీసరు అడిగితే, నా వంక చూడకుండా "ఊడిపోయుంటుందండీ" అన్నారు.

ఊడలేదు మామయ్యా. తనిఖీ రోజు బండి మెరిసిపోవాలని, దాన్ని మురికి అనుకుని నేనే గీకి పారేశాను. రేపు ఆఫీసరుకూ చెప్పేస్తాను.

మీకు అప్పుడే తెలుసని ఇంటికొచ్చాక గానీ నాకు వెలగలేదు. లేకపోతే బస్సెక్కుతూ నా చెవిలో ఆ మాట ఎందుకంటారు?

"అల్లుడూ, బండికి రోజూ స్నానం చేయించు. నగలు మాత్రం తీయకు."