జిరాక్సులో తెగిపోయిన లైను

మంగళవారం, రాత్రి

అమీర్‌పేట కోచింగ్‌లోని సాటి విద్యార్థులారా, మీ మధ్య ఇంతటి మేధావినై పుట్టినందుకు నన్ను క్షమించండి.

ఈరోజు ల్యాబ్‌లో పని: ఒకే కంప్యూటర్ లోపల నడిచే రెండు ఉత్తుత్తి కంప్యూటర్లకు, అంటే వర్చువల్ మెషీన్లకు, ఒకే డిస్కు తగిలించాలి, ఒకటి పడిపోతే రెండోది పని అందుకునేలా. అందరికీ మొదటిది లేచింది, రెండోది, డిస్కును మొదటిది పట్టేసుకుని లాక్ చేసిందని మొరాయించింది. అందరి నోట్సూ ఒకే జిరాక్సు మరి.

"రెండూ లేపినోన్నే పంజాగుట్ట కంపెనీల ఇంటర్వ్యూకు పంపుత" అన్నారు సార్.

సాయంత్రానికి నావి రెండూ లేచాయి. "మస్తు దిమాక్ భాయ్ నీది" అన్నాడు పక్క సీటు డేవిడ్. నేను మునిలా తలూపాను. శుక్రవారమే ఇంటర్వ్యూ. ఈసారి ఉద్యోగం వస్తుందనిపిస్తోంది, అక్కడ కూడా లాక్ గురించే అడిగితే...

నేను చేసింది ఒక్కటే. టీకని దిగి, జిరాక్స్ షాపులోనే ఉండిపోయిన అసలు నోట్సు తిరగేశాను. మా కాపీల్లో తెగిపోయిన చివరి లైను అందులో ఉంది: రెండు మెషీన్లలోనూ డిస్కు షేరింగ్ ఆన్ చేయాలి.