చెరువుగట్టు మీద గడ్డిమేటు

నరసాపురంలో ఉన్న బుచ్చిరాజు బావగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమమే, చెరువు ఒక్కటే క్షేమంగా లేదు. గట్టు మీది మీ గడ్డిమేటు కింద పందికొక్కులు కాపురం పెట్టాయి. మొన్న పౌర్ణమి పోటుకు ఉప్పుటేరు నీళ్లు ఆ బొరియల్లోంచి మంచినీళ్ల చెరువులోకి దిగాయి. మరిడమ్మ పెద్దమ్మ బిందె ముంచి, ఒక గుక్క తాగి, "ఇవేం నీళ్లర్రా!" అని ఉమ్మేసింది. మా చెల్లాయి తాగి పెరిగిన నీళ్లవి.

బొరియలకు బంకమట్టి కొట్టించాను. తెల్లారేసరికి పక్కనే కొత్తవి తవ్వాయి. మేటు తీసి, బొరియలు మొదలంటా తవ్వి, మట్టి పోసి తొక్కిస్తేగాని లాభం లేదు. మీ పాలేళ్లనడిగితే, "అయ్యగారు సెలవిస్తేగాని పరక కదపమండి" అన్నారు. అది మీ నాన్నగారు వేయించిన చోటని నాకూ తెలుసు.

అయినా మీ జవాబు వచ్చినా రాకపోయినా, అమావాస్య పోటులోగా మేటు కదిలిస్తాను. బొరియల్లో దొరికే ధాన్యం తవ్వినవాళ్లదేనని మాటిచ్చాను. అది మీ చేలోదే గనక ముందే చెబుతున్నాను.

గడ్డి పరక కూడా పోనివ్వను. మా పెరట్లో, ఇంటి గోడవారనే మేటు వేయిస్తాను. పందికొక్కులు వెంట వస్తే మా గోడలే తవ్వుకోనివ్వండి.

ఇట్లు,
మీ బావమరిది