తలకిందుల బొమ్మలు

దోహా, మదీనత్ ఖలీఫా
శుక్రవారం

గంగులక్క పాదాలకు నీ చెల్లెలు రవణమ్మ మొక్కి రాసేది.

అక్కా, నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు కూడా బాగున్నావని తలుస్తాను అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. సుజాత ఫోన్లో అంతా చెప్పింది. నీ రొమ్ములో గడ్డ కనపడిందంట. కడప పెద్దాసుపత్రికి పోదాం పదత్తా అంటే, గవ్వలు వేసి చూసుకున్నాను, ఏమీ లేదు, అదే కరిగిపోతుంది అన్నావంట. కోడలి మీద కోప్పడొద్దు. పిల్ల భయపడి చెప్పింది, చాడీలు చెప్పాలని కాదు.

ఈ మాట ఫోన్లోనే అడగొచ్చు. కానీ నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? రెండు ముక్కలు వినగానే "సరేలే రవణా, తిన్నావా?" అని ఫోను సుజాత చేతిలో పెట్టి పెరట్లోకి పోతావు. అందుకే కాగితం మీద రాసి, ఊరికొచ్చే మనిషి చేతికిచ్చి పంపుతున్నాను. కాగితానికి నువ్వు అడ్డం రాలేవు. సుజాతా, నిదానంగా చదువు. మీ అత్త మధ్యలో లేస్తే కొంగు పట్టుకుని కూర్చోబెట్టు.

ముందు నా సంగతులు చెప్పుకోనీ. ఇక్కడ ఎండ తగ్గింది గానీ ఉక్క తగ్గలేదు. బయట చెత్త వేసి వచ్చేసరికి రవిక తడిసి ముద్దవుతుంది. లోపలికొస్తే ఏసీకి మోకాళ్ళు పట్టేస్తాయి. ఈ ఊళ్ళో దుమ్ము తుడవడం అంటే తుడిచిందే తుడవడం. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. కాళ్ళు సాయంత్రానికి వాస్తున్నాయి, ఉప్పునీళ్ళలో పెట్టుకుంటే తగ్గుతున్నాయి. నువ్వు దిగులు పడేంత ఏమీ లేదు. అలసట, అంతే. సంగటి తిని చాలా కాలమైంది. ఖుబూస్ అని ఇక్కడి రొట్టె ఉంటుంది, అది పచ్చడిలో ముంచుకుని తింటే కడుపు నిండుతుంది, నోరు మాత్రం నిండదు. మాట్లాడే మనిషి లేని రోజు గోడ గడియారంతో తెలుగులో మాట్లాడతాను. నవ్వకు. నువ్వు మేకలతో మాట్లాడవా?

మా మేడం మంచిదని ముందే చెప్పాను కదా. ఐర్లాండు మనిషి, ఇక్కడి బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. ఒక్కతే ఉంటుంది. నా పేరు ఆమె నోట తిరగక రమా అంటుంది. ఆమె పూజ సంగతి మాత్రం నీకెప్పుడూ చెప్పలేదు. ఆమె చర్చికి పోదు. వాళ్ళ దేశంలో చర్చి రాకముందు జనం మొక్కిన దేవతలకు మొక్కుతుంది. చంద్రుడికి, నీళ్ళకు, నిప్పుకు, చెట్టూ చేమకు. దాన్ని పేగన్ అంటారంట. పడకగదిలో ఒక చిన్న బల్ల ఉంది. దాని మీద కొవ్వొత్తి, ఉప్పు గిన్నె, నీళ్ళ గిన్నె, వాళ్ళ ఊరి ఏటి నుంచి తెచ్చుకున్న గులకరాయి. అది చూసిన మొదటి రోజే నాకు మన గంగమ్మ గద్దె గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ బల్ల మీదే టారో కార్డులని బొమ్మల కార్డుల దస్తా ఉంటుంది. పేకముక్కల కంటే పెద్దవి. రాణి, సూర్యుడు, నీళ్ళు పోసే ఆడమనిషి, సింహం నోరు పట్టుకున్న అమ్మ, ఇట్లా బొమ్మలు. మేడం రోజూ స్నానం చేసి, కొవ్వొత్తి వెలిగించి, కార్డులు కలిపి ఒకటి తీస్తుంది. దాన్ని చూస్తూ టీ చల్లారేదాకా కూర్చుంటుంది. తర్వాతే బడికి పోవడం. నువ్వు ఎరుక చెప్పినట్టు ఎవరికీ చెప్పదు. తనకు తానే చూసుకుంటుంది. అది నాకు మొదటినుంచీ వింతగానే ఉండేది. అమ్మ మనిద్దరికీ బుట్టా బెత్తమూ పట్టించిన రోజే కట్టడి పెట్టింది కదా, ఎవరి సోది వాళ్ళు చెప్పుకోకూడదని. సరే, వాళ్ళ పద్ధతి వాళ్ళదని ఊరుకున్నాను.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. మేడం హడావిడిగా బడికి పోయేటప్పుడు కార్డులు అట్లాగే పరిచి పోతుంది. నేను బల్ల తుడిచి, కొవ్వొత్తి మైనం గీకి, కార్డులు సర్దుతాను. వాటిలో కొన్ని బొమ్మలు తలకిందులుగా ఉండేవి. దేవత బొమ్మ తల కిందికి, కాళ్ళు పైకి ఉంటే చూస్తూ ఎట్లా ఊరుకుంటాం? మన ఇంట్లో పటం కొంచెం వాలితేనే అమ్మ గుండె బాదుకునేది. అందుకని నేను ఒక్కొక్క కార్డూ తీసి, అన్ని తలలూ పైకొచ్చేట్టు పేర్చి పెట్టేదాన్ని. రోజూ. ఎంత శ్రద్ధగా అంటే, ఒక పిల్లగాడి బొమ్మ ఉంది, పాపం, వాడి కాలికి తాడు కట్టి కొయ్యకు తలకిందులుగా వేలాడదీశారు. వాణ్ణి కూడా తిప్పి నిలబెట్టాను.

ఆ రోజుల్లోనే మేడంకు కడుపులో నొప్పి మొదలైంది. కుడి పక్కన. సింకు దగ్గర నిలబడి ఉండగానే వంగిపోయేది. ఆసుపత్రికి పోండి మేడం అంటే, పోతాలే రమా అనేది. ఒకరోజు నేను వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే వాళ్ళ చెల్లెలితో ఫోన్లో అంటోంది: "ఈ మధ్య కార్డులన్నీ బాగా వస్తున్నాయి. ఒక్కటీ తిరగబడి రావడం లేదు. నాకేం కాదు." నా చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది. ఆమె ఫోను పెట్టేశాక, తిరగబడి రావడం అంటే ఏమిటి మేడం అని అడిగాను. బొమ్మ నిటారుగా వస్తే ఒక అర్థమంట, తలకిందులుగా వస్తే ఏదో అడ్డుపడింది, చూసుకో, జాగ్రత్త అని అర్థమంట. అక్కా, ఆమె దేవతలు జాగ్రత్త జాగ్రత్త అని అరుస్తుంటే, నేను రోజూ వచ్చి వాళ్ళ నోరు మూసి పోతున్నానన్నమాట.

ఆ శుక్రవారం అల్ మన్సూరాలో మన సరుకులు దొరికే అంగడికి పోయాం. మన పక్కూరి ఓబులేసు నీకు తెలుసు కదా, పక్క విల్లాలో డ్రైవరుగా ఉన్నాడు, వాడే తీసుకుపోయాడు. వాడికి చెప్పి ఏం చేయాలిరా అని అడిగాను.

"గమ్మునుండక్కా," అన్నాడు. "ఈ దేశంలో జాదూ గీదూ అంటే శానా గలాటా అయితాది. ఆ యమ్మ పటాలు నువ్వు ముట్టుకుంటివని తెలిస్తే, పనిమనిషి ఏదో చేసిందంటారు. నీ మీదికే వస్తాది."

"ఆ యమ్మకు ఏమన్నా అయితే?"

"నువ్వేం డాక్టరువా? మాఫీ ముష్కిలా, ఏం ఫరవాలేదు అనుకోని ఉండు. రెండేండ్లలో ఊరికి పోతాం."

వాడు చెప్పినదాంట్లో తప్పు లేదు. ఇంకొక ఇల్లు వెతుక్కునే ఓపిక నాకు లేదు అక్కా. కొత్త వంటిల్లు, కొత్త మనుషుల కోపాలు, మళ్ళీ మొదటినుంచి. తలుచుకుంటేనే నీరసం వచ్చింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుని, చెప్పకూడదనే అనుకున్నాను. ఇంటికొచ్చి చూస్తే మేడం వంటింటి నేల మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఇంక నేను ఆగలేకపోయాను. ఆమె పక్కన నేలమీదే కూర్చుని, వచ్చిన ఇంగ్లీషూ హిందీ కలిపి, కార్డులు నేనే తిప్పాను మేడం, నన్ను క్షమించండి, అవి చెప్పిందంతా నమ్మొద్దు అన్నాను.

ఆమె కార్డులు తెమ్మంది. నేలమీద పరిచి, ఆ తాడు కట్టిన పిల్లగాడిని వెతికి నా ముందు పెట్టింది. నాకర్థమైనంత రాస్తున్నాను.

"ఇతను వేలాడుతూనే ఉండాలి రమా. ఇతని బొమ్మే అంత. మా చెల్లికి చెప్పలేదు గానీ, మిగతావన్నీ నిటారుగా ఉండి, ఇతనొక్కడే కాళ్ళ మీద నిలబడి, అంటే తిరగబడి వచ్చినప్పుడే నాకు తెలిసింది. ఇట్లా జాలిపడి నిలబెట్టేది ఈ ఇంట్లో నువ్వు తప్ప ఎవరు?"

"తెలిస్తే చెప్పలేదేమి మేడం?"

"అన్నీ మంచివే రావాలని నాకూ ఉండింది," అంది. "నువ్వు సర్దిపెట్టేదానివి. నేను మళ్ళీ తిప్పకుండా జాగ్రత్తగా కలుపుకునేదాన్ని."

ఆ మాట చెప్పి నవ్వింది. నవ్వితే పక్క నొప్పెట్టి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం నేలమీద, చుట్టూ కార్డులు. ఎవరన్నా చూసి ఉంటే ఓబులేసు చెప్పిన గలాటా నిజంగానే అయ్యేది.

అప్పుడు ఆమెకు అమ్మ మాట చెప్పాను. ఎవరి సోది వాళ్ళెందుకు చెప్పుకోకూడదు అని మనం అడిగితే అమ్మ ఏం చెప్పేది, గుర్తుందా? నీ భయం నీ చేతిలోకి దిగుతుంది, అప్పుడు గవ్వ దాని దారిన అది పడదు, నీకు కావలసినట్టు పడుతుంది అనేది. మేడం ఆ మాట నాచేత రెండోసారి చెప్పించుకుంది. తర్వాత లేచి చెప్పులు వేసుకుని, యల్లా రమా, పోదాం పద, నువ్వూ రా అంది.

ఆసుపత్రిలో కౌంటరు దగ్గర, ఈమె మీకేమవుతుంది అని అడిగారు. చెల్లెలు అంది మేడం. ఆ నర్సు మలయాళీ పిల్ల, మా ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, నవ్వు దాచుకుని నన్ను లోపలికి పంపింది. డాక్టరమ్మ లోపల గడ్డ ఉందని చెప్పి, ఇన్నాళ్ళు ఎందుకాగారు అని అడిగింది. మేడం నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. ఆపరేషను చేసి తీసేశారు. ముక్క పరీక్షకు పంపారు, ఏ సంగతీ ఇంకా తెలియలేదు. వాళ్ళ చెల్లెలు విమానమెక్కి వచ్చింది, ఆమె ఉంది కాబట్టే నాకు ఈ ఉత్తరం రాసే తీరిక దొరికింది. మేడం ఇప్పటికీ పొద్దున కార్డు తీస్తుంది. తీసి, చూసుకుని, తర్వాత మందుబిళ్ళ వేసుకుంటుంది. ఆమె నమ్మకం తప్పని నేననను. కార్డులు సర్దడం మాత్రం మానేశాను. బల్ల చుట్టూ తుడిచి వచ్చేస్తాను.

ఇంతసేపూ మేడం కథ ఎందుకు చెబుతోంది ఇది అని నువ్వు విసుక్కుంటూ ఉంటావు. నీకు అర్థమయ్యే ఉంటుంది, అర్థం కానట్టు కూర్చుని ఉంటావు. నిన్ను ఎరగనా? నీ గవ్వలు అబద్ధం చెప్పాయని నేననడం లేదు అక్కా. ఎంతమందికి సరిగ్గా చెప్పావో ఊరంతా చెబుతుంది. నీ గడ్డ గురించి మాత్రం గవ్వలు చెప్పలేదు, నీ భయం చెప్పింది. అమ్మ ఉంటే చీపురు తీసుకునేది. అమ్మ లేదు, నేను సముద్రం ఇవతల ఉన్నాను, నాకు చాలా భయంగా ఉంది. పగలంతా పని చేస్తూనే ఉంటాను, చేతులు పని చేస్తాయి, మనసు నీ దగ్గరే ఉంటుంది. నువ్వు లేకపోతే ఇక్కడ ఈ అలసట ఎవరికోసమని పడాలి, చెప్పు.

ఖర్జూరం, నొప్పుల తైలం పంపుతున్నాను. తైలం నీకు, ఖర్జూరం పిల్లలకు. తిరిగి వచ్చే మనిషితో కాసిన్ని ఉలవలు, వేరుశనగ పొడి పంపు. చిన్నాయనకు, ఓబన్న మామకు, పక్కింటి పెద్దవ్వకు నా దండాలు చెప్పు. గంగమ్మకు నా పేరున ఒక టెంకాయ కొట్టించు.

ఇంక ఒక్క మాట. ఈ ఉత్తరం తెచ్చింది సెలవు మీద వచ్చిన ఓబులేసే. ఇచ్చేసి పోయాడనుకుంటున్నావేమో, పోలేదు. మీ వాకిట్లోనే కూర్చుని ఉంటాడు. నాకు గమ్మునుండమని చెప్పినవాడే, మేడంను కళ్ళారా చూశాక, గంగులక్కను ఆసుపత్రికి తీసుకుపోకుండా నేను ఇంటికి పోనక్కా అని ఒట్టేశాడు. వీధి చివర ఆటో ఉంది. నువ్వు చీర మార్చుకుంటావా, ఆ చీరతోనే పోతావా అన్నదొక్కటే నీ ఇష్టం.

నీ దీవెన ఎప్పుడూ నా తలమీద ఉండాలని కోరుతూ, నువ్వు ఎత్తుకుని పెంచిన

రవణమ్మ

సుజాతా, ఉత్తరం మడిచి పెట్టు. పొయ్యి ఆర్పు. తలుపుకు తాళం వెయ్యి.